ఇంగ్లిష్ 'గెట్' గురించి ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇంగ్లిష్ నేర్చుకునే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. అడిగేవాళ్లలో పదో తరగతి పిల్లలున్నారు, నర్సింగ్ చదివే అమ్మాయిలున్నారు, విశాఖలో ఇంటర్వ్యూకి వెళ్లబోయే కుర్రాళ్లున్నారు, మనవల చేత హోంవర్క్ చేయించే తాతలూ ఉన్నారు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పరీక్షలో ఇంగ్లిష్ అన్నట్టు బతికేవాళ్లు కాబట్టి వీళ్ల సందేహాలు కూడా కొంచెం వేరుగా ఉంటాయి. ఇంగ్లిష్ వాక్యాలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. కళ్లతో చదివి వదిలేయకుండా ఒకసారి నోటితో అని చూడండి.

గెట్‌కి తెలుగులో ఒక్క మాట చెప్పండి మాస్టారూ, చాలు.

ఒక్క మాట లేదు. నిఘంటువు 'పొందు' అంటుంది గానీ 'నేను బస్సు టికెట్ పొందాను' అని మనలో ఎవరంటారు? టికెట్ దొరికింది, ఉత్తరం అందింది, జీతం పడింది, జ్వరం వచ్చింది, ఆలస్యం అయింది, విషయం అర్థమైంది, ఇంటికి చేరాను, కూరలు తెచ్చాను అంటాం. ఈ ఎనిమిది చోట్లా ఇంగ్లిష్‌వాళ్లు గెట్ ఒక్కదానితో సరిపెట్టేస్తారు.

వీటన్నిటి అడుగునా ఉన్న సంగతి ఒకటే. ఇందాక లేనిది ఇప్పుడు వచ్చింది, ఇందాక కానిది ఇప్పుడు అయింది. మార్పు జరిగిన చోట గెట్ వస్తుంది. మార్పు లేకుండా ఊరికే ఉన్న చోట సాధారణంగా రాదు.

అర్థాలన్నీ బట్టీ పట్టాలా? వేరే దారి ఏమైనా ఉందా?

ఉంది, అది మన తెలుగులోనే ఉంది. తెలుగు వాక్యంలో 'నాకు, నీకు, వాడికి' ఎక్కడ వస్తున్నాయో చూసుకోండి. మనకి జరిగే సంగతుల్ని మనం చేసినట్టు చెప్పుకోవడం తెలుగు అలవాటు కాదు. ఉద్యోగం నాకు వచ్చింది, జ్వరం నాకు వచ్చింది, కోపమూ నాకు వచ్చింది. అవే నడుచుకుంటూ వచ్చినట్టు, మనం ఊరికే నిలబడి ఉన్నట్టు చెబుతాం. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి ఆ 'నాకు' కాస్తా 'ఐ' అయిపోయి వాక్యం మొదట్లో కూర్చుంటుంది. వచ్చింది, అందింది, దొరికింది, తగిలింది అన్నవన్నీ 'గాట్'లో కలిసిపోతాయి.

నాకు ఉద్యోగం వచ్చింది: 'ఐ గాట్ ఎ జాబ్.'
నీ మెసేజ్ నాకు అందింది: 'ఐ గాట్ యువర్ మెసేజ్.'
మా చెల్లికి జలుబు చేసింది: 'మై సిస్టర్ గాట్ ఎ కోల్డ్.'
వాడికి మార్కులు బాగా వచ్చాయి: 'హి గాట్ గుడ్ మార్క్స్.'
నాకు అర్థమైంది: 'ఐ గాట్ ఇట్.'
నాకు కోపం వచ్చింది: 'ఐ గాట్ యాంగ్రీ.'

చివరి వాక్యం జాగ్రత్తగా చూడండి. తెలుగులో కోపం అనేది వచ్చే వస్తువు. ఇంగ్లిష్‌లో నేనే కోపంగా అయ్యాను. అందుకే 'ఐ గాట్ యాంగర్' అంటే తప్పు. నిద్ర, ఆకలి, దాహం, విసుగు, భయం అన్నీ ఇదే తోవలో నడుస్తాయి. నాకు నిద్ర వస్తోంది అంటే 'ఐ యాం గెటింగ్ స్లీపీ', ఆకలేస్తోంది అంటే 'ఐ యాం గెటింగ్ హంగ్రీ'.

ఇక బడి లీవ్ లెటర్ సంగతి. తరతరాలుగా మన పిల్లలందరూ 'యాజ్ ఐ యాం సఫరింగ్ ఫ్రం ఫీవర్' అనే రాస్తున్నారు. వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు. కానీ ఒక్కరోజు జ్వరానికి అంత బాధ అక్కర్లేదు. స్నేహితుడికి ఫోన్‌లో చెప్పేటప్పుడైనా 'ఐ గాట్ ఎ ఫీవర్ లాస్ట్ నైట్' అనండి, మనిషి మాట్లాడినట్టు ఉంటుంది.

మా అబ్బాయి ఒడియా మీడియం. వాడికీ ఇది పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది. ఒడియాలోనూ 'మోతే' అలాగే పనిచేస్తుంది. మోతే చిఠి మిళిలా అంటే నాకు ఉత్తరం అందింది, మోతే జ్వర హెలా అంటే నాకు జ్వరం వచ్చింది. మన 'నాకు' ఎక్కడుంటుందో అక్కడే 'మోతే' ఉంటుంది. రెండు భాషలు తెలిసిన పిల్లాడికి ఇది ఇంకా త్వరగా ఎక్కుతుంది.

'నాకు' కనబడిన ప్రతిచోటా గెట్ వేసేయొచ్చా?

వేసేయకండి. చివర ఏ క్రియ ఉందో చూడాలి. వచ్చింది, అయింది, దొరికింది లాంటివి ఉంటే గెట్. 'ఉంది' ఉంటే హ్యావ్. నాకు జ్వరం వచ్చింది అంటే 'ఐ గాట్ ఎ ఫీవర్', నాకు జ్వరం ఉంది అంటే 'ఐ హ్యావ్ ఎ ఫీవర్'. నాకు ఇద్దరు తమ్ముళ్లు అన్నప్పుడు 'ఐ గాట్ టూ బ్రదర్స్' అంటే, ఎవరో ఇద్దరు తమ్ముళ్లని పంచిపెడితే మీరు తెచ్చుకున్నట్టు ఉంటుంది. 'ఐ హ్యావ్ టూ బ్రదర్స్' అనాలి.

'వచ్చు' అని ఉన్న చోట అసలు గెట్ పనికిరాదు. నాకు ఒడియా వచ్చు అంటే 'ఐ నో ఒడియా'. నాకు ఈత వచ్చు అంటే 'ఐ కెన్ స్విమ్'. 'ఒడియా ఈజ్ కమింగ్ టు మి' అనే వాక్యం మన సరిహద్దులోనే పుట్టింది, ఇక్కడే ఆగిపోతే మంచిది.

ఇంకా కొన్ని మొండివి ఉన్నాయి. గుర్తొచ్చింది అంటే 'ఐ రిమెంబర్డ్'. నవ్వొచ్చింది అంటే 'ఐ ఫెల్ట్ లైక్ లాఫింగ్', ఏడుపొచ్చింది అంటే 'ఐ ఫెల్ట్ లైక్ క్రైయింగ్'. వీటికి దారీ తెన్నూ లేదు, అలవాటు చేసుకోవడమే.

మరి 'ఐ హ్యావ్ గాట్' అంటారు కదా, అదేమిటి?

అది గెట్ వేషంలో ఉన్న హ్యావ్. 'ఐ హ్యావ్ గాట్ టూ బ్రదర్స్', 'ఐ హ్యావ్ టూ బ్రదర్స్' రెండూ ఒకటే. మొదటిది బ్రిటిష్‌వాళ్ల నోట ఎక్కువ. మాటల్లో హ్యావ్ నలిగిపోయి 'ఐవ్ గాట్' అవుతుంది. సినిమాల్లో ఆ చిన్న 'వ్' మనకి వినబడదు, అందుకే మన కుర్రాళ్లు 'ఐ గాట్' అనేస్తారు.

'ఐవ్ గాట్ టు గో' అంటే వెళ్లాలి. పాటల్లో, సినిమాల్లో వినబడే 'గాటా' ఇదే. రాతలో వాడకండి.

తడిసిపోయాను, అలసిపోయాను. వీటికీ గెట్ వాడొచ్చా?

వాడొచ్చేమిటి, వాడాలి. నా లెక్కన గెట్‌కి తెలుగులో అసలైన జోడీ ఈ 'పోవు'. తడిసిపోయాను: 'ఐ గాట్ వెట్'. అలసిపోయాను: 'ఐ గాట్ టైర్డ్'. పిల్లాడు తప్పిపోయాడు: 'ది బాయ్ గాట్ లాస్ట్'. దొంగ దొరికిపోయాడు: 'ది థీఫ్ గాట్ కాట్'. చెయ్యి కాలిపోయింది: 'మై హ్యాండ్ గాట్ బర్న్‌ట్'. ఇరుక్కుపోయాం: 'వి గాట్ స్టక్'. మన 'పోయాను'లో 'కావాలని చెయ్యలేదు, అలా జరిగిపోయింది' అన్న ఛాయ ఉంటుంది చూశారా, గెట్‌లో కూడా అదే ఛాయ ఉంటుంది. 'పోవు' వచ్చిన ప్రతి వాక్యానికీ గెట్ కుదరదు, తినిపోయాడు అన్నప్పుడు అది నిజంగా వెళ్లిపోవడమే. కానీ మనిషికో వస్తువుకో ఏదో అయిందని చెప్పేటప్పుడు ముందు గెట్‌నే ప్రయత్నించండి.

'పడు' కూడా దీని తోబుట్టువే. భయపడ్డాడు: 'హి గాట్ స్కేర్డ్'. జబ్బుపడింది: 'షి గాట్ సిక్'. చీకటి పడుతోంది: 'ఇట్స్ గెటింగ్ డార్క్'. సిగ్గుపడ్డాడు మాత్రం ఈ గుంపులోకి రాదు, 'హి ఫెల్ట్ షై' అనాలి.

'ఐ సెలెక్టెడ్' అని చెప్తే ఇంటర్వ్యూలో నవ్వారట. ఎందుకు?

మీరు ఎవరినో ఎంచుకున్నారని అర్థం వస్తుంది కాబట్టి. మిమ్మల్ని ఎంచుకున్నది వాళ్లు. 'ఐ గాట్ సెలెక్టెడ్' అనాలి.

ఈ పొరపాటు ఎక్కడ పుడుతుందంటే, మనం ఇంగ్లిష్ క్రియకి 'అయ్యాను' తగిలించి తెలుగులో వాడేస్తాం. సెలెక్ట్ అయ్యాను, ట్రాన్స్‌ఫర్ అయ్యాను, ప్రమోట్ అయ్యాను, అరెస్ట్ అయ్యాడు, కేన్సిల్ అయింది. తిరిగి ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఆ 'అయ్యాను'ని దారిలోనే వదిలేస్తున్నాం. దాన్ని వదలకూడదు, దాని స్థానంలో గెట్ పెట్టాలి. ట్రాన్స్‌ఫర్ అయ్యాను: 'ఐ గాట్ ట్రాన్స్‌ఫర్డ్ టు రాయగడ'. రైలు కేన్సిల్ అయింది: 'ది ట్రెయిన్ గాట్ కేన్సిల్డ్'. పోలీసులు పట్టుకున్నవాడి గురించి 'హి అరెస్టెడ్' అంటే వాడే పోలీసు అయిపోతాడు.

ఆఫీసు కాగితం మీదైతే గెట్ బదులు 'వాజ్' పెట్టండి, 'ఐ వాజ్ సెలెక్టెడ్'. అర్థం అదే, కొంచెం ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది.

ఒక్క చోట మాత్రం బోల్తా పడతారు. మన వైపు బండి దారిలో ఆగిపోతే 'బండి రిపేరయింది' అనేవాళ్లు చాలామంది. అదే మాటని 'మై బైక్ గాట్ రిపేర్డ్' అని మేనేజర్‌కి పంపి సెలవు అడిగితే, బాగైతే బయల్దేరి రావచ్చు కదా అనుకుంటాడు. బండి చెడిపోతే 'మై బైక్ బ్రోక్ డౌన్'. మెకానిక్ బాగుచేసి ఇచ్చాక 'గాట్ రిపేర్డ్'.

'ఐ కట్ మై హెయిర్' తప్పా?

మీ చేత్తో మీరే అద్దం ముందు నిలబడి కత్తిరించుకుంటే తప్పు కాదు. మంగలి చేస్తే 'ఐ గాట్ మై హెయిర్ కట్' అనాలి. తెలుగులో కత్తిరించుకున్నాను అంటే రెండూ వస్తాయి, అందుకే ఈ చిక్కు.

మిగతా చోట్ల తెలుగు చాలా స్పష్టంగానే ఉంటుంది. కుట్టడం వేరు, కుట్టించడం వేరు. కట్టడం వేరు, కట్టించడం వేరు. ఆ 'ఇంచు' వినబడగానే చెయ్యి మనది కాదు, డబ్బు మనది అని తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ పని గెట్ చేస్తుంది. ముందు గెట్, తరవాత వస్తువు, చివర క్రియ మూడో రూపం. జాకెట్టు కుట్టించుకున్నాను: 'ఐ గాట్ మై బ్లౌజ్ స్టిచ్డ్'. ఇల్లు కట్టించాం: 'వి గాట్ ది హౌస్ బిల్ట్'. సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించాను: 'ఐ గాట్ మై సర్టిఫికెట్స్ ఫోటోకాపీడ్'. రక్తపరీక్ష చేయించుకోండి: 'గెట్ యువర్ బ్లడ్ టెస్టెడ్'. నర్సింగ్ చదివే అమ్మాయిలు ఈ చివరిదాన్ని నోట్లో తిరిగేదాకా అనుకోవాలి, వార్డులో రోజూ పనిపడుతుంది.

వస్తువు మధ్యలో ఉండాలన్నది మరిచిపోవద్దు. 'ఐ గాట్ స్టిచ్డ్ మై బ్లౌజ్' అంటే, మీకు కుట్లు పడ్డాయేమో అని వినేవాడు కంగారుపడతాడు.

'గెట్ హిమ్ టు కమ్', 'మేక్ హిమ్ కమ్', 'హ్యావ్ హిమ్ కమ్'. మూడూ రప్పించడమేనా?

మూడూ రప్పించడమే, రప్పించిన తీరు వేరు. గెట్ అంటే బతిమాలో నచ్చజెప్పో రప్పించడం. మేక్ అంటే వాడికి ఇష్టం లేకపోయినా మెడలు వంచి రప్పించడం. హ్యావ్ అంటే పురమాయించడం, ఆఫీసులో పెద్దాయన బంట్రోతుకి చెప్పినట్టు. అలిగి కూర్చున్న బావగారిని పెళ్లికి తీసుకొచ్చారనుకోండి, అక్కడ 'వి గాట్ హిమ్ టు కమ్' అనాలి. 'వి మేడ్ హిమ్ కమ్' అంటే ఆయన మళ్లీ అలుగుతాడు.

గెట్ ఒక్కదాని తరవాతే 'టు' వస్తుంది. మేక్, హ్యావ్ తరవాత రాదు.

'మై మ్యారేజ్ ఈజ్ ఓవర్' అనకూడదంటున్నారు. పెళ్లి అయిపోయింది కదా?

మనకి పెళ్లి అయిపోయింది అంటే తాళి కట్టడం అయింది, భోజనాలు అయ్యాయి, చుట్టాలు బస్సెక్కారు. ఇంగ్లిష్‌లో మ్యారేజ్ అంటే కాపురం కూడా. అది 'ఓవర్' అంటే విడిపోయారని. 'ఐ గాట్ మ్యారీడ్ లాస్ట్ ఇయర్' అని జరిగినదాన్ని చెప్పండి, లేదా 'ఐ యాం మ్యారీడ్' అని ఉన్నదాన్ని చెప్పండి. ఎవరితో అన్నదానికి 'విత్' రాదు, 'టు' రావాలి. 'షి గాట్ మ్యారీడ్ టు ఎ టీచర్.'

బస్సు దిగడానికి 'గెట్ డౌన్' సరైనదేనా?

పాతపట్నం బస్సులో కండక్టర్‌తో 'గెటింగ్ డౌన్' అంటే ఎవరూ పొరబడరు. భారతదేశమంతా నడుస్తుంది. బయటి దేశాలవాళ్లతో, విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లిష్ పరీక్షల్లో మాత్రం 'గెట్ ఆఫ్' అనండి. వాళ్లకి గెట్ డౌన్ అంటే కిందకి వంగడమో, గోడ మీంచో చెట్టు మీంచో దిగడమో గుర్తొస్తుంది.

ఎక్కడం దిగడం విషయంలో ఇంగ్లిష్‌కి ఒక పట్టింపు ఉంది. నిలబడి నడవగలిగే బండి అయితే 'గెట్ ఆన్, గెట్ ఆఫ్'. బస్సు, రైలు, విమానం, ఓడ ఇందులోకి వస్తాయి. వంగి దూరి కూర్చునేదైతే 'గెట్ ఇన్, గెట్ అవుట్'. కారు, ఆటో ఇందులోకి. సైకిలు, మోటార్ సైకిలు, గుర్రం మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంటాం కాబట్టి వాటికి మళ్లీ ఆన్, ఆఫ్. గుణుపురం రైలెక్కితే 'ఐ గాట్ ఆన్ ది ట్రెయిన్', నౌపడలో దిగితే 'ఐ గాట్ ఆఫ్ ఎట్ నౌపడ', అక్కడ ఆటో ఎక్కితే 'ఐ గాట్ ఇన్ ఎన్ ఆటో'.

'ఐ గాట్ టు హోమ్' ఎందుకు కొట్టేశారు?

హోమ్, హియర్, దేర్ ముందు 'టు' రాదు. 'ఐ గాట్ హోమ్ ఎట్ నైన్.' ఊరి పేరు ముందు రావాలి, 'వి గాట్ టు రాయగడ బై నూన్'. దారి అడగడానికి కూడా ఇదే, 'హౌ డు ఐ గెట్ టు ది బస్ స్టాండ్?'

'యూజ్డ్ టు', 'గెట్ యూజ్డ్ టు' ఒకటేనా?

కానే కాదు. 'ఐ యూజ్డ్ టు ఈట్ పఖాళ' అంటే పఖాళ (ఒడియావాళ్ల నీళ్లన్నం) ఒకప్పుడు తినేవాడిని, ఇప్పుడు మానేశాను. 'ఐ గాట్ యూజ్డ్ టు ఈటింగ్ పఖాళ' అంటే మొదట్లో నచ్చలేదు, ఇప్పుడు అలవాటు పడ్డాను. రెండోదానిలో 'ఈట్' కాదు, 'ఈటింగ్'. బరంపురం కోడలిగా వచ్చిన తెనాలి అమ్మాయి ఏ వాక్యం చెప్పిందన్నదాన్ని బట్టి అత్తగారి మొహం మారిపోతుంది.

మా అల్లుడు అమెరికాలో ఉన్నాడు, 'గాటెన్' అంటాడు. పుస్తకంలో 'గాట్' ఉంది. ఏది రైటు?

రెండూ రైటే. బ్రిటన్‌లో గెట్, గాట్, గాట్. అమెరికాలో గెట్, గాట్, గాటెన్. అమెరికావాళ్లు దీనితో ఒక చక్కని తేడా కూడా చూపిస్తారు. 'ఐవ్ గాట్ ఎ కార్' అంటే నా దగ్గర కారుంది, 'ఐవ్ గాటెన్ ఎ కార్' అంటే కారు సంపాదించాను. మన స్కూలు పుస్తకాలు బ్రిటిష్ తోవలో నడుస్తాయి కాబట్టి పిల్లలు పరీక్షలో గాట్ రాస్తే గొడవ ఉండదు.

గాటెన్ అమెరికావాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, పాతదే. బ్రిటన్‌లో వాడకం తగ్గింది, సముద్రం దాటినచోట మిగిలింది. 'ఫర్‌గాటెన్'లో, అక్రమార్జనకి వాడే 'ఇల్ గాటెన్'లో బ్రిటన్‌లో కూడా ఇంకా ఉంది. గజపతి జిల్లా చర్చిల్లో పాత ఇంగ్లిష్ బైబిలు చదివేవాళ్లకి 'ఓన్లీ బిగాటెన్ సన్' తెలిసే ఉంటుంది. 1611 నాటి ఆ అనువాదంలో బిగెట్ అంటే బిడ్డని కనడం. అదీ గెట్ కుటుంబమే.

ఈ మాట ఇంగ్లిష్‌లోకి ఎక్కడినుంచి వచ్చింది?

ఉత్తరాన స్కాండినేవియా నుంచి. ఎనిమిదో శతాబ్దం చివర్నుంచి అక్కడి వైకింగులు ఇంగ్లండ్ మీద దాడులు చేశారు, తరవాత అక్కడే స్థిరపడ్డారు, పొలాలు దున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. వాళ్ల పాత నార్స్ భాషలోని 'గెటా' 1200 ప్రాంతానికి ఇంగ్లిష్‌లో గెట్‌గా కనబడుతుంది. టేక్, ఎగ్, స్కై, విండో, ఆఖరికి 'దే' అనే సర్వనామం కూడా ఆ ఇరుగుపొరుగు సంబంధం వల్ల వచ్చినవే. సరిహద్దులో బతికే మనకి ఇందులో వింతేముంది? సంతలో బేరం ఆడేచోట మాటలకి చెక్‌పోస్టులు ఉండవు.

ఇంగ్లిష్‌కి అప్పటికే ఇదే వేరు నుంచి పుట్టిన సొంత రూపం ఉండేది, ఒంటరిగా కాదు, ఫర్‌గెట్, బిగెట్ లాంటి జోడు మాటల్లో. అప్పట్లో అందులో 'గ' బదులు 'య' లాంటి ధ్వని పలికేది. నార్స్ ప్రభావంతో అది గట్టి 'గ' అయింది.

ఇంగ్లిష్‌లో ఎక్కువ అర్థాలున్న క్రియ గెట్ ఏనా?

కాదు. ఆ పేరు చాలాకాలం 'సెట్'కి ఉండేది. 2011లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువాళ్లు 'రన్' కింద ఒక్క క్రియగానే 645 అర్థాలు తేల్చారు. గెట్ లెక్కలో వెనకబడినా వాడకంలో వెనకబడదు.

గెట్ మోటు మాట, రాతలో వాడొద్దని సారు కొట్టేస్తున్నారు. నిజమేనా?

సగం నిజం. రిసీవ్, అబ్టెయిన్, ఎక్వైర్ లాంటివి ఫ్రెంచి, లాటిన్‌ల నుంచి వచ్చాయి. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక కోర్టుల్లో, కొలువుల్లో ఫ్రెంచి కూర్చుంది. అప్పటినుంచి పెద్దరికం ఆ మాటలది, పొయ్యి దగ్గర మాట గెట్‌ది. అందుకే బ్యాంకు లోన్ దరఖాస్తులో 'ఐ వాంట్ టు అబ్టెయిన్ ఎ లోన్' అంటే బాగుంటుంది, రిపోర్టులో 'బికేమ్' బాగుంటుంది. స్నేహితుడికి రాసే ఉత్తరంలో 'ఐ అబ్టెయిన్డ్ యువర్ లెటర్' అంటే 'నీ లేఖను గైకొంటిని' అన్నట్టుంటుంది.

ఈ గొడవ మీద పర్లాకిమిడిలో కూర్చుని మాట్లాడుకోవడం ఎంత తగినదో చూడండి. గిడుగు రామమూర్తి గారు 1880లో ఇక్కడి రాజావారి బడిలోనే ఉపాధ్యాయుడిగా చేరారు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ వైపు బడుల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన యేట్స్ అనే ఇంగ్లిష్ అధికారి, మీ జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి, ఎందుకలా అని అడిగాడు. వ్యావహారిక భాష కోసం గిడుగు వారి పోరాటానికి అక్కడ ఊపు వచ్చింది. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లాక ఆయన రాజమండ్రి చేరారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పిల్లాడి వ్యాసంలో ప్రతి గెట్‌నీ ఎర్రసిరాతో కొట్టేసే మాస్టర్లని చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొస్తారు. మాట్లాడే మాటని పూర్తిగా తుడిచేస్తే, మిగిలేది పిల్లాడి వ్యాసం కాదు, గైడు వ్యాసం.

పరీక్ష కోసం ఒక్క ఏర్పాటు చేసుకోండి. ఐఈఎల్‌టీఎస్‌లో స్నేహితుడికి రాసే ఉత్తరమైతే గెట్ దండిగా వాడండి. అధికారికి రాసే ఉత్తరంలో, వ్యాసంలో తగ్గించండి. మాట్లాడే పరీక్షలో మానేస్తే అస్సలు సహజంగా ఉండదు.

గెట్ ఎలాంగ్, గెట్ బై లాంటివి వందలున్నాయి. ఏవి నేర్చుకోవాలి?

పట్టికలు పెట్టుకుని చదవకండి, సాయంత్రానికి మరిచిపోతారు. ముందు తెలుగులో మనం రోజూ అనే మాట అనుకుని దానికి సరిపోయేదాన్ని పట్టుకోండి. వాళ్లిద్దరికీ పొసగదు: 'దే డోంట్ గెట్ ఎలాంగ్'. ఆ జీతంతో ఎలాగో నెట్టుకొస్తున్నాం: 'వి గెట్ బై ఆన్ దట్ శాలరీ'. తండ్రి పోయిన దుఃఖం నుంచి ఇంకా తేరుకోలేదు: 'షి హ్యాజ్ నాట్ గాట్ ఓవర్ ఇట్'. ఎంతసేపు కొట్టినా లైన్ కలవలేదు: 'ఐ కుడ్ నాట్ గెట్ త్రూ'. ఎలకల్ని వదిలించుకున్నాం: 'వి గాట్ రిడ్ ఆఫ్ ది ర్యాట్స్'. తప్పు చేసినా వాడికి చెల్లిపోయింది: 'హి గాట్ అవే విత్ ఇట్'. కసి తీర్చుకున్నాడు: 'హి గాట్ ఈవెన్'.

ఆఫీసు మెయిల్లో అన్నిటికంటే పనికొచ్చేది 'ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ', కనుక్కుని చెబుతాను అని. చెప్పకుండా తప్పించుకోవడానికీ దాన్నే వాడతారు, అది వేరే సంగతి.

'గెట్ అప్', 'వేక్ అప్' మధ్య తేడా ఒక్క ముక్కలో: మెలకువ రావడం వేక్ అప్, మంచం దిగడం గెట్ అప్. పండగ సెలవుల్లో ఈ రెంటికీ మధ్య గంట పడుతుంది.

'ఆయన గెటప్ అదిరింది' అంటాం. ఇంగ్లిష్‌లోనూ పొగడ్తేనా?

నాటకాల్లో, సినిమాల్లో వేషానికి మనం గెటప్ అంటాం, తెలుగులో అది పొగడ్తే. ఇంగ్లిష్‌లో ఆ మాటకి కొంచెం వెక్కిరింపు ఉంది, 'ఇదేం వేషం' అన్నట్టు. పెళ్లికి సూటు వేసుకొచ్చిన బాస్‌తో 'నైస్ గెటప్' అనకండి. 'యూ లుక్ గ్రేట్' అంటే ఏ గొడవా లేదు.

'గెట్ మి సమ్ వాటర్' మర్యాదేనా?

ఇంట్లో తమ్ముడితో అయితే సరే. హోటల్లో, ఆఫీసులో అయితే అధికారం చలాయించినట్టు ఉంటుంది. తెలుగులో 'కాస్త', 'అమ్మా', 'బాబూ', 'గారూ' అంటూ మాటని మెత్తబరుస్తాం. ఇంగ్లిష్‌లో ఆ మెత్తదనం వాక్యం మొదట్లోనే రావాలి: 'కుడ్ యూ గెట్ మి సమ్ వాటర్, ప్లీజ్?' అలాగే చెప్పింది అర్థమైందా అని పెద్దవాళ్లని అడగడానికి 'గాట్ ఇట్?' వాడకండి. వాళ్లు మీకు ఏదైనా చెప్పినప్పుడు జవాబుగా 'గాట్ ఇట్, సర్' అంటే పరవాలేదు.

'గెట్ అవుట్' అంటే ఎప్పుడూ తిట్టేనా?

మాస్టర్లు క్లాసులోంచి పంపేటప్పుడు అనీ అనీ అలా అయిపోయింది. 'గెట్ అవుట్ ఆఫ్ ది ఆటో హియర్' అంటే ఇక్కడ దిగండి, అంతే. ఆదివారం కూడా ఇంట్లోనే ఉండే అబ్బాయితో 'యూ షుడ్ గెట్ అవుట్ మోర్' అంటే, కాస్త నలుగురిలో తిరుగు అని మంచి మాట. అమెరికా అల్లుడు లాటరీ తగిలిందని ఫోన్ చేసినప్పుడు పక్కనున్న అతని స్నేహితుడు 'గెట్ అవుట్!' అని అరిస్తే కంగారుపడకండి, 'నిజంగానా!' అంటున్నాడు.